పొట్ట కింది దీపాలు

ఇంటర్ రెండో ఏడు కాలేజీ ప్రదర్శన కోసం నేనొక చేపను చేశాను. లోతు సముద్రంలో కొన్ని చేపలకు పొట్ట కింద వెలుగుంటుంది. పైనుంచి దిగే మసక వెలుతురుకు అడ్డంగా కదిలే చేప, కింద పొంచి ఉన్న పెద్ద చేపకు నల్లటి నీడలా కనబడుతుంది. పై వెలుతురు ఎంతుంటే అంతే పొట్ట కింద వెలిగించుకుంటే ఆ నీడ మాయమవుతుంది. నేను అట్ట చేపకు చిన్న బల్బులు అతికించి, ఖాళీ గాజు తొట్టిలో వేలాడదీసి, పైన ట్యూబ్‌లైటు పెట్టాను. బల్బులు ఎక్కువైతే చేప మెరుస్తుంది, తక్కువైతే నల్లబడుతుంది. సరిగ్గా కుదరడానికి పది రోజులు పట్టింది.

నస్పూర్‌లో మాది బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్. మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. ప్రదర్శనకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, బాపు షిఫ్టు నుంచి తాగి వచ్చాడు. అన్నం ఇంకా ఉడకలేదని అవ్వ అన్నది. జుట్టు పట్టి ఈడ్చి విసిరేశాడు. అవ్వ గోడ పక్కనున్న నా గాజు తొట్టి మీద పడింది. గాజు పగిలి మోచేయి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. అయినా ఆయన తన్నడానికి కాలెత్తాడు.

కారం దంచే రోకలి తీసి ఆయన చేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. విన్నాక కూడా మళ్లీ కొట్టాను. అవ్వ నెత్తుటి చేత్తో నా కాలు పట్టుకున్నది.

"ఇడిసిపెట్టు బిడ్డా, సస్తడు."

ఆస్పత్రిలో డాక్టరు అడిగితే బాపు "జారి పడ్డ" అన్నాడు. అవ్వకు పదకొండు కుట్లు పడ్డాయి.

మా లెక్చరర్ ఇచ్చిన తొట్టిలో చేపను మళ్లీ కట్టాను. ప్రదర్శనకు బాపు కట్టు చేత్తో వచ్చాడు. రెండు బల్లల మధ్య నిలిపిన తొట్టి కిందికి వంగి పైకి చూశాడు. నేను బల్బులు వెలిగించాను.

"ఏడికి వోయింది?"

"ఆడ్నే ఉన్నది బాపూ. కనవడకుండ దీపాలు పెట్టుకున్నది."

ఆయన కట్టు లేని చేత్తో తన నెత్తి చూపించాడు.

"మేం కనవడెతందుకు నెత్తికి లైటు కట్టుకుంటం. మొన్న పొద్దటి షిఫ్టుల బాయి పైకప్పు కూలితే, లైటు కనవడ్డదనే మావోణ్ని గుంజిన. కాళ్లు నుజ్జయినయ్."

ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది.

"గందుకే అవ్వను కొట్టినవా?" అన్నాను.

 వెనక వరుసలో పిల్లలు తోసుకుంటుంటే బాపు పక్కకు జరిగాడు.

కట్టు విప్పాక కూడా ఆ మణికట్టు పూర్తిగా తిరగలేదు. తాగుడు మానలేదు. అవ్వ మీద మాత్రం మళ్లీ చెయ్యెత్తలేదు. నాకు భయపడా, తనలో తాను సిగ్గుపడా, నేను అడగలేదు. చెయ్యి విరగ్గొట్టినందుకు క్షమించమని కూడా నేను అడగలేదు.