కంబళి కింద కందిబేడలు

ఆ సాయంత్రం మా ఇంట్లో ఉన్నవారు: అమ్మ, నాయన, నేను, గోడకు ఆవలి ఇంటి అత్త. ఉన్న సరుకులు: అర గోతం కందిబేడలు (కందిపప్పే), ఒక మూట బియ్యం, డబ్బా శెనక్కాయ నూనె, బెల్లం, ఎండుమిరపకాయలు, చింతపండు. వాటన్నిటి మీదా నాయన కంబళి కప్పి ఉంది. కంబళి మీద అత్త కూర్చుని ఉంది.

ఆమె మాకు చుట్టం కాదు. వీధి వరసకు అత్త. ఆమె అక్కడ ఎందుకు కూర్చుందో చెప్పాలంటే మా ఊరి అంగడి గురించి ముందు చెప్పాలి.

మాది శింగనమల వైపు పల్లె. ఊరికంతా ఒకటే అంగడి. పొద్దు వాలేసరికి ఆడవాళ్లు దాని ముందు చేరేవారు. మెడకు తాడు కట్టిన సీసాలో ఆ పూటకు నూనె, కొంగులో గిద్దెడు బేడలు, కాగితంలో చిటికెడు పసుపు. రేపటిది రేపే. రైతు ఇంట్లోనూ అంతే, కూలి ఇంట్లోనూ అంతే. ఎవరికైనా ఏదైనా తక్కువైతే పక్కింట్లో బదులు తీసుకునేవారు. ఉంటే ఇచ్చేవారు, లేకపోతే లేదనేవారు. లేదన్న మాటను ఎవరూ అనుమానించేవారు కాదు, ఎందుకంటే ఎవరింట్లోనూ మిగులు ఉండదని అందరికీ తెలుసు. అమ్మ ఆ వీధికి కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె మాట అలాగే చెల్లింది.

నేను పాలిటెక్నిక్‌లో చదివి, కరువు పనుల మీద సూపర్‌వైజరుగా చేరిన కొత్త అది. పగలు రోడ్డు పక్కన కూలీలు తవ్విన గుంతలకు టేపు పట్టి కొలతలు రాసేవాణ్ణి. ఒకరోజు మా ఇంజనీరు దారిన పోతూ ఇంటికి వచ్చారు. ఆయనను మంచం మీద కూర్చోబెట్టి అమ్మ గ్లాసు పట్టుకుని వెనక వాకిలి గుండా అంగడికి పరుగెత్తింది, కాఫీలోకి చక్కెర కోసం. ఆయన చూశారు. నాకు చెవులు కాలిపోయాయి.

ఆ రాత్రే అంచనా వేశాను. మనిషికి రోజుకు ఇంత, ముగ్గురికి నెలకు ఇంత, వచ్చిపోయేవారికి కొంత, ఎలుకలకు కొంత, ఆ పైన వృథా కింద పది శాతం. సిమెంటుకు ఎలా వేస్తామో అలాగే. మా ఊరికి ఇంకా కిలోలు రాలేదు. నేను కిలోల్లో వేసి శేర్లలోకి మార్చాను.

అమ్మ విని, "అంత తెచ్చి యాడ పెడ్తావురా?" అంది.

"గోడవార పెడ్తాను. నెలకొకసారి పోతే చాలు. దినామూ ఆడ నిలబడే పని తప్పుతాది."

"నిలబడితే నాకేం కాళ్లు నొస్తాండాయని చెప్పినానా నీకు?"

జీతం వచ్చిన సాయంత్రం సైకిలు తీసుకుని అంగడికి పోయాను. ఆ వేళకు పోకుండా ఉండవలసింది. ఆడవాళ్లంతా సీసాలతో, గిన్నెలతో ఉన్నారు. ఉద్యోగస్థుణ్ణని శెట్టి నన్ను ముందుకు పిలిచాడు. నేను చెప్పింది విని నవ్వాడు.

"ఏమప్పా, ఇంట్లో పెండ్లా?"

"నెల సరుకు."

"బేడలు నువ్వు చెప్పినంత లేవు. సంత దినం తెచ్చిందంతా ఇదే. మళ్లా సంతకే."

"ఉండేదంతా ఇయ్యి," అన్నాను.

తూచడం చాలాసేపు పట్టింది. వెనక నుంచి ఒకామె, "నాయనా, అంగడన్నా ఇడిసిపెడ్తావా, అదీ సైకిలు మీద వేసుకోని పోతావా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను కానీ మొహం సహకరించలేదు. సరుకు ఇంటికి చేర్చడానికి మూడుసార్లు తిరిగాను. రెండోసారికే ఆ నవ్వులు లేవు. శెట్టి, బేడలు లేవని ఒక్కొక్కరికీ చెప్పి పంపుతున్నాడు. వాళ్లు నాకు దారి ఇచ్చి పక్కకు జరిగారు.

అంగడిలో లేని బేడలు ఎవరింట్లో ఉన్నాయో ఊరందరికీ తెలుసు. దీపం పెట్టేలోగా గిన్నెలు మా వాకిట్లోకి వచ్చాయి. అమ్మ ఎవరినీ కాదనలేదు. దోసిలి నిండా పోసింది. మరుసటి రోజూ వచ్చారు. మూడో రోజు నేను గోతం మూతి విప్పి చూసి, "ఇట్లిస్తా పోతే నెల కాదు, వారం గూడా రాదమ్మా," అన్నాను.

"ఇంట్లో పెట్టుకోని లేదని ఎట్ల చెప్పేదిరా?"

"కనపడకపోతే అడగరు," అని నాయన కంబళి తెచ్చి అన్నిటి మీదా కప్పాను. నాయన మంచం మీద నుంచి చూశాడు. "సలి నాకు గదప్పా, బేడలకు గాదు," అన్నాడు.

ఆ సాయంత్రమే అత్త వచ్చింది.

"వదినా, మా ఇంటి ముసలామెకు ఈ పొద్దే జరం ఇడిసింది. పిడికెడు బేడలుంటే బదులియ్యి. ఉడకేసి ఇంత కట్టు తాపిద్దామని."

అమ్మ నావైపు చూసింది. నేను టేపు చుట్టుకుంటున్నాను, తలెత్తలేదు.

"అయిపోయినాయి వదినా," అంది అమ్మ.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అత్త గిన్నె వైపు చూసుకుంది. తర్వాత కంబళి వైపు చూసింది. "అట్లనా," అని, నేరుగా వచ్చి దాని మీద కూర్చుంది. బియ్యం మూట ఒక పక్కకు ఒరిగింది. ఆమె సర్దుకుని బేడల గోతం మీదికి జరిగింది. కింద గింజలు కదిలిన చప్పుడు నలుగురమూ విన్నాము.

"వాన వచ్చేటట్లుండాదా అల్లుడా? మీ ఆఫీసులో ఏమన్నా చెప్పినారా?"

"తెలీదత్తా."

"గుంతలు కొలిచేటోనికి వాన సంగతి తెలీకపోతే ఎట్ల?" అని నవ్వింది. మేకల గురించి మాట్లాడింది, నాయనను మోకాళ్ల నొప్పి అడిగింది. అమ్మ స్తంభం పట్టుకుని నిలబడే ఉంది. చాలాసేపటికి అత్త లేచి, తాను కూర్చున్న చోట కంబళిని చేత్తో సాపు చేసి, ఖాళీ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి అమ్మ పప్పు వండలేదు. తిరగమాత వేస్తే వాసన గోడ దాటుతుంది. సంగటిలోకి గొడ్డుకారం వేసుకుని తిన్నాము. గోడవార కంబళి కింద అర గోతం బేడలు అలాగే ఉన్నాయి.

"పోనీ, ఇప్పుడు పోయి ఇచ్చొస్తాలే," అన్నాను.

"ఏమని చెప్పి ఇస్తావు?" అంది అమ్మ. "సాయంత్రం లేనివి ఇప్పుడు యాడనుంచి వచ్చినాయని చెప్తావు? ఇన్నేండ్లు ఈ వీధిలో నా నోటి మాట నమ్మినారు. దాన్ని గూడా కంబళి కింద పెట్టేసినావు."

ఆ బేడలు ఇక ఇవ్వడానికీ లేదు, తినడానికీ లేదు. పడుకున్నాక గోడ అవతల అత్త రాగి అంబలి కలుపుతున్న గరిటె చప్పుడు వినిపించింది. ముసలామె వద్దంటోంది.

తెల్లవారగానే నాయన, "సైకిలు తియ్యి," అన్నాడు. తాను వెనక గోతం పట్టుకుని నడిచాడు. దారిలో ఎదురైనవారు ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కొంత తేలిక పడేవాణ్ణి.

శెట్టి గోతంలో చేయి పెట్టి చూశాడు. "పురుగు పట్టిందా?"

"లేదు శెట్టీ. మావాని లెక్కలో తప్పు వచ్చింది. ఈడ పెట్టి నీ లెక్కన అమ్ముకో," అన్నాడు నాయన.

బేడలు వచ్చాయన్న మాట మధ్యాహ్నానికే ఊరు తిరిగింది. సాయంత్రం నేను పని నుంచి వస్తూ అంగడి ఎదుట సైకిలు ఆపాను. దిగి దగ్గరికి పోవడానికి మనసు రాలేదు. అమ్మ గిన్నె పట్టుకుని వరసలో నిలబడి ఉంది. ఆమెకు ముందు అత్త ఉంది.

అత్త వెనక్కి తిరిగింది. "ఏం వదినా, నీకూ బేడలా?"

"ఔ వదినా. ఇంట్లో ఒక్క గింజ లేదు."

అత్త ఆమె మొహంలోకి కొంచెంసేపు చూసింది. "అయితే నువ్వు ముందు తీసుకో," అంది.

"ముసలామెకు కావల్ల. నువ్వే తీసుకో."

అత్త తీసుకుంది. తర్వాత శెట్టి అమ్మ గిన్నె అందుకున్నాడు. ఆ రోజు అమ్మ కొన్న కందిబేడలు పావుశేరు.