హాజరీలో లేని సెట్టు

ఎనభైల మొదట్లో నర్సంపేట దగ్గరి చిన్న సబ్‌స్టేషన్‌లో నేను వైర్‌లెస్ ఆపరేటర్ని. రోజూ పొద్దున ఎనిమిదికి జిల్లా కేంద్రంలో, సుబేదారిలో ఉన్న మా కంట్రోల్ రూము ఊరూరి సెట్లకు హాజరీ వేసేది. పిలిచినప్పుడు పలికితే ఆ రోజుకు మనం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అక్కడి పెద్దాయనకు చెవులకంటే రిజిస్టరు మీదే నమ్మకం ఎక్కువ.

ఒకరోజు మా బ్యాటరీ దిగిపోయింది. వేరేది తగిలించేసరికి ఎనిమిదింపావు అయింది, హాజరీ అయిపోయింది.

ఆ రోజే మా లైన్‌మన్ రెండు కోసుల దూరంలో స్తంభం ఎక్కి తీగ మారుస్తున్నాడు. పదిన్నరకు లైనుకు కరెంటు ఇవ్వాలని కంట్రోల్ ముందే రాసి పెట్టుకుంది. ఆ లైను స్విచ్ మా దగ్గర లేదు, అవతలి కొసన ఉంది; కంట్రోల్ చెబితేనే ఆగుతుంది. పది ఇరవైకి ఆయన తోటి కూలీ సైకిల్ మీద రొప్పుతూ వచ్చి, పని ఇంకో అరగంట పడుతుందన్నాడు. అతను తిరిగి పోయేలోపే పదిన్నర దాటుతుంది. సెట్టు అందుకుని కంట్రోల్‌ను పిలిచాను.

"నర్సంపేటా, నువ్వు పొద్దున హాజరీల లేవు" అన్నాడు పెద్దాయన. "నీ సెట్టు బంద్ అని రాసిన. బంద్ ఉన్న సెట్టు మాట నేనెట్ల రాసుకోవాలె?"

"సార్, మనిషి స్తంభం మీద ఉన్నడు. జర కరెంటు ఆపుండ్రి."

"రేపు టైంకు రా."

నా గొంతు వింటూనే నేను లేనన్నాడు, మహానుభావుడు. ఎంత మొత్తుకున్నా అదే జవాబు. మా మాటలన్నీ పక్కనున్న నెక్కొండ సబ్‌స్టేషన్ సెట్టులోనూ వినబడుతున్నాయి. కంట్రోల్ పిలవకుండా మధ్యలో మాట్లాడకూడదని ఆర్డరు. అయినా అక్కడి ఆపరేటర్ అందుకున్నాడు.

"సార్, నెక్కొండ. నర్సంపేట లైన్ మీద మనిషున్నడు, కరెంటు ఆపాలె."

"ఆఁ, నెక్కొండ. రాసుకున్న. ఆపుతున్నం."

నా మాటే అది. హాజరీ పడిన నోట్లోంచి వచ్చింది కాబట్టి చెల్లింది.

సాయంత్రం లైన్‌మన్ వచ్చి నవ్వుతూ బీడీ అంటించుకున్నాడు. "అర్ధగంట ఎక్కువ ఇప్పించినవ్ అన్నా, పని మంచిగైంది" అన్నాడు.

ఆ రిజిస్టరు మనిషంటే నాకు ఇప్పటికీ రోతే. కానీ మర్నాడు ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే, ఇంకా ఎవర్నీ పిలవకముందే, "నర్సంపేట హాజర్ సార్" అన్నది నేనే.