విమల మేడం అధ్యక్షతన

నిన్న వరంగల్ మిర్చి యార్డు పక్కగా వెళ్తుంటే ఘాటు ముక్కులో దూరి ఎడతెరిపి లేకుండా తుమ్మించింది. నా తుమ్ముల ధాటికి ఎదురుగా వచ్చే ఆటో వెనక్కి నడిచిందంటే నమ్మండి. నాకు మాత్రం విమల మేడం గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో, పిల్లల చదువునీ ఎదుగుదలనీ పరిశీలించే మనస్తత్వ నిపుణులం కలిసి నడుపుకున్న సంఘానికి ఆవిడ జిల్లా కమిటీ అధ్యక్షురాలు. జీతం లేదు, ఆఫీసు లేదు. ఆదివారాలు మిర్చి గోదాము పక్క బడిలో, ఒకటో తరగతి బెంచీల మీద, మోకాళ్లు చెవులకు తగిలేలా కూర్చుని దేశ భవిష్యత్తును చక్కదిద్దేవాళ్లం.

ఒక ఆదివారం హైదరాబాదు నుంచి సంఘం రాష్ట్ర అధ్యక్షుడు దిగారు. ఆయన బ్రీఫ్‌కేసు ఎంతటిదంటే, గుమ్మంలో పట్టక అడ్డంగా తిప్పాల్సి వచ్చింది. అందులో విదేశాల నుంచి తెప్పించిన బొమ్మల పరీక్ష ఉంది. ఆ పరీక్ష తప్పిన పిల్లలు మందబుద్ధులనీ, వాళ్లను మామూలు బడి నుంచి తీసేయాలనీ ఆయన పట్టుదల. జిల్లా కమిటీ చేతులెత్తి ఆమోదిస్తేగాని బడులు దాన్ని అమలు చేయవు. హసన్‌పర్తి కూలివాళ్ల బిడ్డ సారక్క అప్పటికే ఒకసారి ఆ పరీక్ష తప్పింది. మేం చేతులెత్తితే ఆ పిల్ల చదువు ఆగినట్టే. మేడం ఆ పిల్లనే బస్సులో వెంటబెట్టుకొచ్చారు.

ఆయన బొమ్మ చూపించారు. బల్ల, దాని మీద ప్లేటు, పక్కన కత్తి. "ఇందులో ఏం లేదో చెప్పమ్మా?"

సారక్క బొమ్మను ఎగాదిగా చూసింది. "అన్నం లేదు సారూ."

"తప్పు. ఫోర్కు లేదు."

"ఫోర్కంటే ఏంది మేడం?"

"అన్నం ఉన్నంక కావాల్సింది బిడ్డా," అన్నారు మేడం.

ఆయన కోపం నషాళానికంటింది. "చేతులెత్తుతారా, కమిటీని రద్దు చేయమంటారా?" అని గర్జించబోయి తుమ్మారు. ఆ తుమ్ముకు ఓరుగల్లు కోట తోరణాలు బెత్తెడు పక్కకు జరిగాయి.

మేడం రుమాలు అందించారు. "చేస్కోండ్రి సార్. జీతమిచ్చి పెట్టుకున్నరా మమ్ముల, పోతదని ఫికర్ పడనీకి? పిల్ల మాత్రం రేపు బడికి పోతది."

"ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసా?"

"ఎర్కే సార్. ఖాళీ ప్లేటు ముంగట కూసోని ఫోర్కు దేవులాడేటాయనతోని."

ఒక్క చెయ్యీ లేవలేదు. నాదైతే పెద్దవాళ్లు గద్దిస్తే లేచే అలవాటున్న చెయ్యి. దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

వారం తిరక్కుండా కమిటీ రద్దయింది. మరుసటి ఆదివారం రద్దయిన కమిటీ పూర్తి హాజరుతో, విమల మేడం అధ్యక్షతనే సమావేశమైంది. మన పిల్లలు రోజూ చూసే వస్తువులతో కొత్త బొమ్మలు గీయడం మొదలుపెట్టాం. నేను ప్రాణం పెట్టి గీసిన ఎద్దును చూసి, బడి నుంచి అటే వచ్చిన సారక్క మేకనుకుంది. అయినా ఆ పిల్లను ఎవరూ బడిలోంచి తీయలేదు.

ఇప్పుడు నేనూ ఒక జీతం లేని కమిటీకి అధ్యక్షుణ్ణి. పైనుంచి ఎవరైనా దిగి చేతులెత్తమని గద్దిస్తే, రద్దు చేసుకొమ్మని చెప్పి ఆయనకు చాయ్ తెప్పిస్తాను. ఆయన తాగి వెళ్లిపోతాడు. మేం మళ్లీ కూర్చుంటాం.