ఆగ్నేయ మూల పునాది

1963 ఎండాకాలంలో నన్ను నిజామాబాదు నుంచి బోధన్ వైపు ఒక బ్లాకు ఆఫీసుకు ఓవర్సియరుగా బదిలీ చేశారు. ఓవర్సియరంటే ఇంజనీరుకు కింద, మేస్త్రీకి పైన. ఇద్దరి చేతా మాటలు పడే ఉద్యోగం. ఊళ్లలో ఇళ్లు బాగుచేసుకునే రైతులకు సర్కారు అప్పిచ్చేది. స్థలం చూసి ప్లాను గీయడం, పునాది, గోడలు, కప్పు ఒక్కొక్కటి పూర్తయినప్పుడల్లా వెళ్లి చూసి సంతకం పెట్టడం నా పని.

ఎడపల్లి దాటాక చెరుకు పొలాల నడుమ ఒక ఊరుంది. అక్కడ గంగారెడ్డి అనే పెద్దాయన ఇంటికి కొత్త వంటిల్లు, దాన్ని ఆనుకొని ఒక గది కట్టాలని ఆయన కొడుకు నర్సారెడ్డి దరఖాస్తు పెట్టాడు. మట్టిగోడల పాత ఇల్లు. వంట నడిమింట్లో, కిటికీ లేని చీకట్లో. కంది కట్టె పొయ్యిలో పెడితే పొగ బయటికి పోయే దారి లేక ఇల్లంతా తిరిగేది. నర్సారెడ్డి భార్య సాయవ్వకు దగ్గు ముదిరి రక్తం పడుతోంది. పొగకు దూరంగా ఉంచకపోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడట. నర్సారెడ్డి నాతో ఆ మాట అంటూ తల పక్కకు తిప్పుకున్నాడు. నేను ఆ ఫైలును మిగతావాటి కంటే ముందు కదిలించాను.

పని ఒప్పుకున్నది దావీదు మేస్త్రీ, నిజామాబాదు చర్చివాడ మనిషి. చేయి ఎంత సాఫీయో నోరు అంత జోరు. నా ప్లాను చూసి, "కాయితం మీద బాగనే ఉంది సారూ, గని అక్క వంగి లేసే జాగేది?" అన్నాడు. సాయవ్వను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, ఆమె చేయి ఎంతవరకు అందుతుందో చూసి, నేల మీద బొగ్గుతో పొయ్యి, కడవల గద్దె, కిటికీ గీశాడు. "గీ కిటికిలకెళ్లి సూస్తె నీ పెనిమిటి పొలంల పని జేస్తుండా, పండుకున్నడా ఎరుకైతది" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు. మేస్త్రీ బొగ్గు కింద పెట్టి అది తగ్గేదాకా ఊరకే నిలబడ్డాడు.

వంటిల్లు ఇంటికి ఆగ్నేయ మూలన అనుకున్నాం. ముగ్గు పోసే ముందు, అంటే సున్నంతో పునాది గీతలు వేసే ముందు, స్థలంలో పూడ్చిన బావి గాని పాతర గాని ఉందా అని ఇంటి పెద్దను అడగడం మా రూలు. పాతరంటే జొన్నలు దాచే గుంత. కడుపు వెడల్పుగా, మూతి ఇరుకుగా తవ్వి, గింజలు పోసి, బండ మూసి, పైన మట్టి కప్పి అలికేస్తారు. గంగారెడ్డిని అడిగాను. "ఏం లెవ్వు సారూ, గట్టి నేల" అన్నాడు. లేవు అని రాసుకున్నాను.

కానీ ముగ్గు పోస్తుంటే ఆయనే వచ్చి, వంటిల్లు పడమర దిక్కు కట్టమన్నాడు. "పొయ్యి ఆగ్నేయంలనే ఉండాలని నువ్వే జెప్తవు గద బాపూ" అన్నాడు కొడుకు. ఎందుకొద్దో పెద్దాయన చెప్పలేదు. రుమాలు దులుపుకొని పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు. ముసలితనపు మొండితనమనుకొని మేమెవరమూ పట్టించుకోలేదు.

పునాది లోతు కొలవడానికి నేను వెళ్లిన రోజున మేస్త్రీ మూల దగ్గర తవ్విన పునాది కాలువలో దిగి గడ్డపారతో అడుగు సాపు చేస్తున్నాడు. "సారూ, గీడ డొల్ల మోగుతుంది" అన్నాడు. పైకి రమ్మని నేను అనేలోపే ఇంకో పోటు వేశాడు. నేల కుంగింది. మట్టితో పాటు మనిషీ కిందికి పోయాడు. లోపల్నుంచి "తాడెయ్యిండ్రి" అని ఒక్కసారి, స్పష్టంగా వినిపించింది. తాడు వేశాం. పట్టుకునే చెయ్యి లేదు.

నర్సారెడ్డి ధోతి ఎగగట్టి దిగబోయాడు. కొట్టంలోంచి గంగారెడ్డి ఉరికొచ్చి కొడుకు నడుము పట్టుకొని అతనితో పాటే కిందపడ్డాడు. "దిగకు బిడ్డా. అండ్ల గాలి లేదు. జొన్నలు మురిగినయి" అన్నాడు.

అందరం ఆయన వైపే చూశాం. ఆయన ఎవరినీ చూడకుండా పని మొదలుపెట్టాడు. వేపమండలు కోసి, తాడుకు కట్టి, చెడ్డ గాలి కదలడానికి గుంతలోకి దించుతూ లాగుతూ ఉన్నాడు. కందీలు దీపం దింపితే ఆరిపోయింది. మళ్లీ మండలు, మళ్లీ కందీలు. చివరికి దీపం నిలిచింది. అప్పుడు నర్సారెడ్డి దిగాడు. మేస్త్రీ పాతర గోడకు వీపు ఆనించి కూర్చొని ఉన్నాడట. ఒంటి మీద దెబ్బ లేదు. ప్రాణం ఎప్పుడో పోయింది.

పంచనామా అయ్యాక శవాన్ని చెరుకు బండి మీద నిజామాబాదు తీసుకెళ్లాం. "గోడ కూలిందా సారూ?" అని అడిగింది మేస్త్రీ భార్య. కూలలేదన్నాను. మరి ఎట్లా పోయాడో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు.

మర్నాడు ఒళ్లు మండి గంగారెడ్డిని నిలదీశాను. అడిగినప్పుడు నోరు పడిపోయిందా అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. నిజాం కాలంలో సర్కారు రైతు గింజల్లో లెవీ కింద వాటా గుంజుకునేది. వసూలుకు గిర్దావరు అనే రెవెన్యూ ఉద్యోగి వచ్చేవాడు. ఆ దినాల సంగతి చెప్పాడు. "గిర్దావరు జవాన్లను తోలుకొచ్చి ఇనుప సువ్వతోని ఇల్లంత పొడిచిండు. పాతర జూపుమని మా అన్నను గీ వాకిట్లనే కొట్టిండ్రు. ఆయన జూపలే. ఆ దెబ్బలతోనే సచ్చిపోయిండు. ఆ పాతర నేను మల్ల తెరవలే, కొడుక్కు గూడ చెప్పలే. మీరు టేపు పట్టుకొని, కాయితం పట్టుకొని అడిగిండ్రు సారూ. లేదనుడే వచ్చింది నోటికి." మళ్లీ తనే, "ఆ మూలకు వద్దంటిని గద" అన్నాడు.

కేసు తేలేదాకా అప్పు నిలిపేశారు. సొంతంగా కట్టిద్దామన్నా ఆ ఇంట్లో గడ్డపార వేయడానికి ఏ మేస్త్రీ ఒప్పుకోలేదు. సాయవ్వ ఆ నడిమింట్లోనే వండింది. మరుసటి ఎండాకాలం నర్సారెడ్డి ఆఫీసుకు వచ్చి దరఖాస్తు వాపసు ఇమ్మన్నాడు. ఎందుకని అడిగాను. ఇక వంటిల్లుతో పని లేదన్నాడు. ఆమె పోయిందని నాకు అట్లా తెలిసింది.

ఆ తర్వాత నౌకరీ ఉన్నన్నాళ్లు పాతర ఉందా అని నేనెవరినీ అడగలేదు. సర్కారు మనిషి అడిగితే ఆ పల్లెల్లో అడిగిన దానికి కాదు, అడిగినవాడికి జవాబు చెప్తారని నేర్చుకున్నాను. సైకిలుకు ఒక ఇనుప సువ్వ కట్టుకొని పోయి, ముగ్గు పోసే ముందు స్థలమంతా నా చేత్తోనే పొడిచి చూసేవాణ్ణి. అది చూసి ముసలివాళ్లు మాట ఆపేసి ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. నాలో వాళ్లకు ఎవరు కనిపిస్తున్నారో నాకు తెలుసు. అయినా పొడిచేవాణ్ణి.