రోబోల పందేనికి కుర్చీలు

గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. రెండు మూడు నెలలకోసారి, ఆదివారం పూట, పెదపారుపూడి వెళ్ళే దారిలో ఖాళీగా ఉన్న ధాన్యం గోడౌనులో చిన్న రోబోల పోటీ పెడుతుంటాను. వాట్సాప్ గ్రూపులో నన్ను నిర్వాహకుడని రాస్తారు. నాది ఎక్కువగా నిర్వాకమే.

పోటీ అంటే పెద్దదేమీ కాదు. రోబో బరువు అరకిలో దాటకూడదు. ఒంటికి కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలకలు, చక్రాలకు బొమ్మకారు మోటార్లు, ముందు గిర్రున తిరిగే ఉక్కు బ్లేడు. రిమోటుతో ఒకదాని మీదికి ఒకదాన్ని ఉసిగొల్పుతాం. అంతా మంచమంత ప్లాస్టిక్ పెట్టెలో జరుగుతుంది. గోడలు అద్దంలా కనిపిస్తాయి కానీ పగలవు. ముక్క ఎగిరినా లోపలే ఆగుతుంది. బ్యాటరీ పొగ కక్కితే పోయడానికి పక్కనే ఇసుక బకెట్టు. నేను రాసిన నియమాలు రెండు పేజీలు. అందులో మొదటిది: బ్లేడ్లు పూర్తిగా ఆగాక, నేను చెబితేనే పెట్టె తలుపు తీయాలి. రాసినవాడికి అది గుర్తుండాలన్న నియమం మాత్రం రాసుకోలేదు.

మా వైపు పందెం అనగానే జనం చుట్టూ గొంతుక్కూర్చుంటారు. కోడిపుంజు పడిపోతే చెయ్యి చాచి ఎత్తుకోవడం, నీళ్ళు చిలకరించి మళ్ళీ దింపడం చూసి పెరిగిన చేతులవి. పడిపోయినది ఏదైనా సరే, ముందు చెయ్యి వెళ్ళిపోతుంది.

బందరు నుంచి ఒకాయన వచ్చేవారు. గిల్టు నగలకు రాళ్ళు పొదిగే పని. అందరం భాయ్ అంటాం. ఆవగింజంత రాయిని గూట్లో కూర్చోబెట్టే వేళ్ళు ఆయనవి. ఇల్లు గడిచేది వాటి మీదే. రోబోకి కూడా ఇత్తడి రేకుతో పూలు చెక్కి తెచ్చేవారు. దీనివల్ల బరువు తప్ప లాభమేమిటని అడిగితే, ఓడినా చూడ్డానికి బాగుంటుంది కదా అనేవారు.

ఒక ఆదివారం ఆయనకు పోటీ దివిసీమ నుంచి వచ్చిన ఒకావిడతో. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు బాగుచేస్తారావిడ. అప్పటికే నాలుగు ఆటలు వెనకపడ్డాం, పులిహోర పొట్లాలు కూడా వచ్చేశాయి. తలుపుకు గడియ పెట్టడానికి గడియసేపు పట్టదు. అయినా పెట్టలేదు. ఊరికే దగ్గరగా వేసి, మొదలుపెట్టండి అన్నాను.

రెండో నిమిషంలో భాయ్ రోబో తలుపు దగ్గరే వెల్లకిలా పడింది. ఆవిడ రోబో దాని మీదికి వస్తోంది. పెట్టె పక్కన గొంతుక్కూర్చున్న ఆయన కుడిచెయ్యి, ఆయన్ని అడగకుండానే, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

ఆవిడ రిమోటు మీట వదిలేశారు. వదిలినా బ్లేడు వెంటనే ఆగదు. స్విచ్చి ఆపాక ఫ్యాను తిరిగినట్టు ఇంకాసేపు తిరుగుతుంది. నేను భాయ్ భుజాలు పట్టి వెనక్కి లాగాను. ఆయన చేతికి చిక్కిన రోబోతో కలిపి ముగ్గురం వెల్లకిలా పడ్డాం. చొక్కా చేతి అంచు పోగులు పోగులుగా లేచింది. వేళ్ళు లెక్కపెట్టుకున్నాం. ఆయన ఒకసారి, నేను రెండుసార్లు.

తప్పు నాదేనని, గడియ పెట్టలేదని అందరికీ వినపడేలా చెప్పి, ఆ రోజుకి పోటీ ఆపేశాను. భాయ్ ఒప్పుకోలేదు.

"వేళ్ళున్నాయిగా మాస్టారూ. ఆట సగంలో ఉంది."

"ఉన్నాయి కాబట్టే ఆపుతున్నానండీ."

పులిహోర తిని అందరూ ముభావంగా వెళ్ళిపోయారు.

ఆ వారంలో గడియకు స్ప్రింగు వేయించాను. తలుపు మూయగానే దానంతటదే పడుతుంది. ఇక నన్ను నమ్మాల్సిన పని లేదు. కానీ ఆ చెయ్యి సంగతి? గొంతుక్కూర్చున్న మనిషికి చెయ్యి చాచడం అరక్షణం పని. కుర్చీలో ఉన్నవాడు ముందు లేవాలి. లేచేలోపు బుద్ధి వచ్చి చేరుతుంది. అందుకని తర్వాతి పోటీకి షామియానా కొట్టు నుంచి కుర్చీలు తెప్పించాను. పెట్టెకు నాలుగడుగుల దూరంలో సున్నపు గీత గీసి, ఆడేవాళ్ళు దాని అవతల కుర్చీల్లోనే ఉండాలన్నాను.

"పోటీయా, పెళ్ళిచూపులా మాస్టారూ?" అన్నారు దివిసీమ ఆవిడ, కుర్చీలో సర్దుకుంటూ.

భాయ్ వస్తారో రారో అనుకున్నాను. వచ్చారు. సగంలో ఆగిన ఆటే ముందు పెట్టాం. ఈసారి మూడు నిమిషాలు నిలిచి, మళ్ళీ ఆయన రోబో వెల్లకిలా పడింది. పడినది పది అంకెల్లోపు లేవకపోతే ఓడినట్టు. ఆ అంకెలు చెప్పాల్సింది నేను.

భాయ్ లేచారు. పూర్తిగా కాదు, కుర్చీకీ ఆయనకీ మధ్య జానెడు ఖాళీ వచ్చేంత. నేను అంకెలు మరిచిపోయి ఆ జానెడు వంకే చూస్తున్నాను. ఆయన మెల్లగా మళ్ళీ కూర్చున్నారు. రిమోటు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ తొడల కింద దోపుకున్నారు.

"లెక్కపెట్టండి మాస్టారూ" అన్నారు. "ఎంతసేపు కూర్చోమంటారు?"

నేను ఒకటి నుంచి మొదలుపెట్టాను.