మిరియాల గుత్తి మీద గడ్డిముడి

“ఫొటోలో ముడి మూలకే ఉండాల. నడిమికి తెస్తే నా మిరియాలు ఎవులికి కనిపిత్తాయే గుంటా?”

“మూలనెడితే కత్తిరించి పారేసినారు కదా మామ్మా! ఇంకా మూలే అంటావేటి?”

“ముడేసింది ముట్టుకోకూడదు. అది ఆలకి తెల్దా?”

“తెల్దు! మన కొండ దిగితే ఎవులికీ తెల్దు!”

మనవరాలు నా మీద అలా అరవడం అదే మొదలు. నేనూ తగ్గలేదు. అడవిలో కట్టెలు కొట్టి, అన్నీ ఒకేసారి మోయలేకపోతే, మిగిలిన మోపు మీద గడ్డిముడి వేసి వచ్చేస్తాం. ఎప్పుడు వెళ్ళినా మోపు అక్కడే ఉంటుంది. మా చింతపల్లి కొండల్లో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అందుకే మా ఊరి ఆడవాళ్ళం మిరియాలు ఫోన్‌లో అమ్మడం మొదలుపెట్టినప్పుడు, మా గుర్తుగా గడ్డిముడి బొమ్మే గీయించాను. ఫొటోకి ఒక మూల చిన్నగా ఉంటే చాలన్నదీ నేనే.

ఆ రోజు పొద్దున్న పట్నం నుంచి ఒకావిడ ఫోన్ చేసి తిట్టింది. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపి పంపామట. మేము ఆవిడకి ఏమీ పంపలేదు. మనవరాలు వెతికితే తెలిసింది. ఎవడో మా ఫొటో ఎత్తుకుపోయి, ముడి ఉన్న మూల కోసేసి, తన సరుకు కింద పెట్టుకున్నాడు. అదే ఫొటో మా పేజీలో చూసి, అమ్మింది మేమే అనుకుందావిడ. ఈ మాట పాకితే ఈ ఏడు మా పంట మళ్ళీ సంతలో షావుకారు చెప్పిన ధరకే పోయాలి.

“ఇదిగో, సరిగ్గా సూడు,” అని ఫోన్ నా ముఖం ముందు పెట్టింది మనవరాలు.

గుత్తి పట్టుకున్న చెయ్యి నాది. మణికట్టు మీద నా పచ్చబొట్టు చుక్కలు. నా చెయ్యి ఎవడివో బొప్పాయి గింజలు అమ్ముతోంది.

వాదన అక్కడ ఆపేశాను.

“నడిమికే ఎట్టు. ఫొటోలన్నీ మళ్ళీ స్టూడియోవోడికిచ్చి డబ్బులు మాత్రం తగలెయ్యనేను.”

“పైసా అక్కర్నేదు. ఫొటో ముట్టుకోను. నెట్‌లో దాని అడ్రస్ సివర తోకలాగ నాలుగు మాటలు కలుపుతాను. ఏ గుర్తు, ఎక్కడ, ఎంత పెద్దది, ఎంత పల్సన. ఆ అడ్రస్‌తో ఎవులు తెరిసినా బొమ్మ ముడితోనే వత్తాది.”

“తోక కోసేసి తెరిత్తే?”

“బొమ్మే రాదు. తాళమేసేత్తాను.”

నేను చదివింది రెండో తరగతి. ఆ అడ్రస్‌లోని ఇంగ్లీషు నాకు తెలియదు, పలచన తెలుసు. పక్కనే కూర్చున్నాను. మొదట ముడి తారు పూసినట్టు వచ్చి గింజల్ని కప్పేసింది. తోకలో ముడి ఎంత ముదురో చెప్పే అంకె తగ్గించమన్నాను. మరీ తగ్గిస్తే ముడే మాయమైంది.

“సోడి అంబలి కాత్తానే, గిన్నె అడుగు కనిపించేలాగ. అలగుండాల.”

“అంత నీళ్ళ అంబలి ఊళ్ళో నువ్వొక్కదానివే కాత్తావు మామ్మా,” అంటూనే మార్చింది.

గింజలు, చెయ్యి, వాటి మీదుగా ముడి, మూడూ కనిపించేదాకా దాన్ని లేవనివ్వలేదు. తరవాత అదే తోక మిగతా ఫొటోలన్నిటికీ తగిలించింది. కొత్త బొమ్మ పొద్దున్న తిట్టిన పట్నం ఆవిడకి పంపించి, ఈ ముడి ఉంటేనే మా సరుకని రాయించాను.

మర్నాడు పొద్దున్న జవాబు వచ్చింది. అర కిలో పంపండి, చూశాక మాట్లాడతాను అని. అర కిలో తూచి సంచిలో పోశాను. మూతికి గడ్డిముడి వేసి, మంచు విడవకముందే కిందకి దిగే జీపులో పెట్టించాను.