ఎల్జీ కుడికాలు

ఎల్జీ కాడిల్ ఫిడేలు ముందు కాలితో వాయిస్తాడు, తర్వాతే చేత్తో. కుడి మడమ చెక్కమీద పడితే తప్ప కమాను కదలదు. "కాలు ఇంట్లో పెట్టి రారా, మా నేల విరిగేట్టుంది," అని డ్యాన్సులకి పిలిచిన ప్రతి ఇంట్లోనూ ఏడిపించేవాళ్ళం. "కాలు రాకపోతే పాట దారి తప్పుతుంది రోడక్కా," అనేవాడు నాతో.

మా కెంటకీ కొండల్లో ఫిడేలు వాయించేవాళ్ళు, కోపమొస్తే తోకని గిలక్కాయలా మోగించే విషపు గిలకపాము తోక కోసి, ఆ గిలక ఫిడేలు కడుపులో వేసుకుంటారు. ఎలుకలు రావని ఒకడంటాడు, నాదం తియ్యగా ఉంటుందని ఇంకొకడు. నేను ఊరుకుంటానా? ఓసారి ఎల్జీ నీళ్ళకి వెళ్ళినప్పుడు ఫిడేలు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాను. చర్ర్ మంది.

బొగ్గు గని కప్పు కూలి తమ్ముడు పోయాక ఎల్జీ గని మానేసి, మొక్కజొన్న వేసుకుని బతికాడు. పెళ్ళాం జ్వరంతో పోయింది, కూతురు కాన్పులో పోయింది. మిగిలింది మనవరాలు డెల్ఫీ. నాలుగేళ్ళది. తాత వాయిస్తున్నంతసేపూ బొమ్మలా కూర్చునేది. కమాను ఆగిందా, ఇక లేడిపిల్లే.

ఆ ఎండాకాలం సాయంత్రం నేను వాళ్ళ వసారాలో చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాను. డెల్ఫీ వసారా అంచున, మెట్లమీదకి కాళ్ళు వేలాడేసి కూర్చుంది. ఎల్జీ వాయిస్తున్నాడు, కాలు దబదబలాడుతోంది.

"నీ గిలక ఇవాళ తెగ మోగుతోందిరా," అన్నాను. నవ్వాడు.

పాట అయింది. కమాను ఎత్తాడు.

గిలక ఆగలేదు.

చెక్కల సందులోంచి తొంగిచూశాను. మెట్టు కింద, పిల్ల మడమకి జానెడు దూరంలో, నా ముంజేయంత లావు పాము చుట్టలు చుట్టుకుని ఉంది.

డెల్ఫీ కిందికి దూకబోయింది. ఎల్జీ వెంటనే మళ్ళీ అందుకున్నాడు. పిల్ల ఆగింది. కానీ కాలు చెక్కమీద పడగానే కింద గిలక రేగింది.

"కాలు! కాలు ఆపరా!" అన్నాను, పెదాలతోనే.

ఆపాడు. గాల్లో ఎత్తి పట్టుకున్న ఆ కాలు వణికిపోతోంది. పాట గుడ్డివాడిలా తడుముకుంటోంది. మొహంనిండా చెమట.

"తాతా, నీ కాలు నిద్రపోయిందా? వచ్చి లేపనా?"

"వద్దు బంగారూ. అది అలిగింది. నువ్వు కదిలావంటే ఇంకా అలుగుతుంది."

నేను చెప్పులు విడిచి బోర్లా పడుకున్నాను. నా బరువు చెక్కకి తెలియకుండా పాకాను. చంకల్లో చేతులు వేసి పిల్లని ఒక్క లాగు లాగాను. దాని మడమ ఉన్నచోట పాము చెక్కని కొట్టింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పొరుగు మగాళ్ళు వచ్చి పాముని చంపారు. గిలక కోసి ఎల్జీ చేతిలో పెట్టారు. "ఇంత పెద్దది ఎవడికీ లేదు, ఫిడేల్లో వేసుకో!" అన్నారు. అతను దాన్ని వాగులో విసిరేశాడు. ఫిడేలు బోర్లించి, పాతదాన్నీ దులిపేశాడు.

ఇప్పుడు కుడికాలు కుర్చీకాలికి మెలిపెట్టి వాయిస్తాడు. "పాట కుంటుతోందే, కాలెక్కడ పారేసుకున్నావురా?" అని డ్యాన్సులో కుర్రాళ్ళు వేళాకోళమాడతారు. పాట అయ్యాక కమాను ఎత్తి అలాగే ఉండిపోతాడు. జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఎప్పుడు ఆగుతాయా అని మేమిద్దరం, డెల్ఫీ కాళ్ళవైపు చూస్తూ, చెవులు రిక్కించి కూర్చుంటాం.